ఆ వివరాలు ఎవరు తేవాలి?

కెనడా పడమటి తీరంలో ననైమో అని ఒక ఊరు. 1995 సెప్టెంబరులో తన పంతొమ్మిదో పుట్టినరోజు రాత్రి ఆ ఊళ్ళో ఒక యువతి, తాగి ఉన్న స్థితిలో, తనతో కలిసి ఉంటున్న మనిషిని గొడవలో కత్తితో పొడిచింది. అతను చనిపోయాడు. ఆమె పేరు జేమీ టానిస్ గ్లాడూ. క్రీ తెగకు చెందిన మనిషి. హత్య కిందికి రాని నరహత్య చేశానని ఒప్పుకుంది. ఇక తేలాల్సింది శిక్ష ఎంత అన్నదే. ఆ విచారణలో జడ్జిగారు డిఫెన్స్ లాయరును ఒక మాట అడిగారు. ఆమె పెరిగిన మెక్‌లెన్నన్ మూలవాసుల ఊరేనా అని. కాదండీ, మామూలు ఊరే అన్న అర్థంలో జవాబొచ్చింది. ఆమె పుట్టుక గురించి, పెరిగిన తీరు గురించి ఇంకేమీ కోర్టు ముందుకు రాలేదు. ఆ జంట పట్టణంలో బతికారు కాబట్టి మూలవాసుల కోసం చట్టంలో పెట్టిన నియమం ఆమెకు అంతగా వర్తించదని జడ్జిగారు అనుకున్నారు. మూడేళ్ళ జైలు వేశారు.

ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1999 ఏప్రిల్ 23న వచ్చిన తీర్పు ఆమె ఇంటిపేరునే ఒక న్యాయసూత్రానికి పెట్టింది. కెనడాలో ఇప్పుడు గ్లాడూ అంటే ఒక మనిషి కాదు. గ్లాడూ సూత్రాలు, గ్లాడూ నివేదిక, గ్లాడూ కోర్టు. లా విద్యార్థి మొదటి ఏడాదిలోనే ఆ పేరు వింటాడు. పరీక్షలో రాస్తాడు, మార్కులు వస్తాయి. కానీ కోర్టులో నిలబడి, ఆ ఊరు ఎలాంటిదని జడ్జి అడిగినప్పుడు ఏం చెప్పాలో ఆ మార్కులు నేర్పవు. పాతికేళ్ళుగా కెనడా లా కాలేజీలు విద్యార్థులను క్లినిక్‌లకు, మూలవాసుల సంస్థలకు, మారుమూల కోర్టులకు పంపుతూ చేస్తున్న ప్రయత్నమంతా ఆ 'మామూలు ఊరే' అన్న జవాబు మళ్ళీ ఎవరి నోటా రాకుండా చూడడానికేనని నాకు అనిపిస్తుంది. ఆ ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ తడబడుతోందో, మనకు దానితో ఏం పనో చూద్దాం.

ముందు చట్టం. కెనడా నేరస్మృతిలో 718.2(ఇ) అనే సెక్షన్ 1996లో అమల్లోకి వచ్చింది. జైలు కాక వేరే సబబైన శిక్ష ఏదైనా ఉందేమో ప్రతి నేరస్థుడి విషయంలోనూ చూడాలి, మూలవాసుల విషయంలో వాళ్ళ పరిస్థితులను ప్రత్యేకంగా గమనించాలి అని అది చెబుతుంది. ఇది ఉన్న పద్ధతినే మళ్ళీ చెప్పడం కాదని, జైళ్ళలో మూలవాసులు కిక్కిరిసి ఉన్న స్థితిని కొంతైనా సరిదిద్దడానికి చేసిన నియమమని గ్లాడూ తీర్పు తేల్చింది. రిజర్వు భూముల్లో ఉన్నా, నగరంలో ఉన్నా ఒకటే అంది. జడ్జి రెండు సంగతులు చూడాలి. ఈ మనిషి కోర్టు దాకా రావడంలో ఆ జాతి చరిత్రకు, ఆ కుటుంబం అనుభవించిన దానికి ఏమైనా పాత్ర ఉందా అన్నది ఒకటి. ఆ మనిషి వచ్చిన సమాజపు దృష్టిలో ఎలాంటి విచారణ, ఎలాంటి శిక్ష తగినవన్నది రెండోది.

చరిత్ర అంటే ఇక్కడ పాఠ్యపుస్తకంలోని చరిత్ర కాదు. వందేళ్ళకు పైగా ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన రెసిడెన్షియల్ బడుల్లోకి దాదాపు 1,50,000 మంది పిల్లలను తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయారు. సొంత భాష మాట్లాడితే కొట్టేవారు. చివరి బడి మూతపడింది 1990ల చివర్లో. అంటే ఈరోజు బోనులో నిలబడిన ముప్ఫై ఏళ్ళ మనిషికి అమ్మో, నాన్నో, అమ్మమ్మో ఆ బడిలో పెరిగి ఉండవచ్చు. ఆ తర్వాత 1960ల నుంచి పిల్లలను శిశుసంక్షేమం పేరుతో వేరే ఇళ్ళకు దత్తు ఇచ్చేయడం మొదలైంది. అమ్మానాన్నల పెంపకం ఎలా ఉంటుందో చూడకుండా పెరిగినవాళ్ళు పిల్లల్ని కన్నారు. ఆ పిల్లలు ఇప్పుడు కోర్టుకు వస్తున్నారు.

2012లో ఇపీలీ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మనాసీ ఇపీలీ ఇన్యూట్ మనిషి, ఉత్తరాన ఇకాలుయిట్ నుంచి వచ్చినవాడు. అతనికి ఐదేళ్ళప్పుడు తల్లి చలికి గడ్డకట్టి చనిపోయింది. చిన్నతనంలోనే తాగుడు మొదలైంది. జీవితంలో చాలా భాగం జైల్లోనే గడిచింది. తాగకూడదన్న షరతు మీరినందుకు పడిన మూడేళ్ళ శిక్షను సుప్రీంకోర్టు ఏడాదికి తగ్గించింది. ఆ తీర్పు రెండు అపోహలను పక్కన పెట్టింది. బడిలో తాత పడిన బాధకూ, ఈ దొంగతనానికీ నేరుగా ముడి చూపించాలని అడగడం తప్పు అంది. నేరం తీవ్రమైనదైతే గ్లాడూ సూత్రం వర్తించదనుకోవడం కూడా తప్పు అంది. ఇది జాతిని బట్టి ఇచ్చే రాయితీ కాదని, ఒక మనిషికి తగిన శిక్ష వేయాలంటే ఆ మనిషి ఎవరో తెలియాలన్న పాత సూత్రమేనని కోర్టు వివరించింది. నా దృష్టిలో ఈ విషయంలో చదవాల్సిన తీర్పు ఒక్కటే అంటే అది ఇపీలీయే.

ఇంత మంచి సూత్రం, ఇంత స్పష్టమైన తీర్పులు. మరి ఫలితం? 1997లో కెనడా జనాభాలో మూలవాసులు 3 శాతం ఉంటే, ఫెడరల్ జైళ్ళలో 12 శాతం ఉన్నారని గ్లాడూ తీర్పు లెక్క చెప్పింది. 2020 జనవరిలో ఆ దేశపు జైళ్ళ పర్యవేక్షణాధికారి ఐవాన్ జింగర్, జైళ్ళలో వాళ్ళ వాటా 30 శాతం దాటిందని ప్రకటించారు. జనాభాలో వాళ్ళు అప్పటికి సుమారు 5 శాతం. ఆ తర్వాత రెండేళ్ళకు ఫెడరల్ జైళ్ళలో ఉన్న ఆడవాళ్ళలో సగం మంది మూలవాసులేనన్న లెక్క వచ్చింది. సూత్రం పుట్టింది తగ్గించడానికి, లెక్క పెరిగింది. కారణాలు చాలా ఉన్నాయి. మధ్యలో వచ్చిన ప్రభుత్వాలు కనీస శిక్షలు పెంచాయి. బెయిలు దొరకని రిమాండు ఖైదీలు పెరిగారు. జైలుకు బదులు పంపడానికి ఊళ్ళలో ఏర్పాట్లు లేవు. ఇవన్నీ నిజమే. వీటన్నిటికీ ముందు మాత్రం ఒక చిన్న కారణం ఉంది, దాని గురించే నాకు ఎక్కువ బాధ. జడ్జి ఆ వివరాలు తెలుసుకోవాలని చట్టం చెప్పింది. ఆ వివరాలు ఎవరు తేవాలో చెప్పలేదు.

ఆ ఖాళీని మొదట పూరించింది మూలవాసులే. టొరంటోలో 1990 నుంచి పనిచేస్తున్న అబొరిజినల్ లీగల్ సర్వీసెస్ అనే సంస్థ గ్లాడూ నివేదికలు రాసే పద్ధతిని తీర్చిదిద్దింది. 2001లో టొరంటో ఓల్డ్ సిటీ హాల్లో మొదలైన గ్లాడూ కోర్టు వెనుక కూడా ఆ సంస్థ ఉంది. నివేదిక రాసే మనిషి నిందితుణ్ణి ఒకటికి రెండుసార్లు కలుస్తాడు. తల్లితో, అత్తతో, చిన్నప్పటి టీచరుతో, ఊరి పెద్దలతో మాట్లాడతాడు. ఏ బడి, ఏ ఏడాది, ఎన్ని పెంపుడు ఇళ్ళు, భాష ఎప్పుడు పోయింది, తిరిగి ఊరికి వెళ్ళే దారి ఉందా, అక్కడ ఎవరు చేయి పట్టుకుంటారు? ఇవన్నీ రాసి, జైలుకు బదులు ఏం చేయవచ్చో కూడా చెబుతాడు. ప్రొబేషన్ ఆఫీసరు ఇచ్చే మామూలు నివేదికకూ దీనికీ తేడా ఇక్కడే. మళ్ళీ నేరం చేస్తాడా అని ప్రొబేషన్ ఆఫీసరు అడుగుతాడు. ఇక్కడిదాకా ఎలా వచ్చాడని గ్లాడూ నివేదిక అడుగుతుంది. మొదటి ప్రశ్నకు చెడిన బాల్యం ఒక ప్రమాద సూచన, రెండో ప్రశ్నకు అదే ఒక వివరణ. ఒకే సంగతి ఒక కాగితం మీద మనిషిని జైలుకు తోస్తుంది, ఇంకో కాగితం మీద బయటికి లాగుతుంది.

అయితే ఈ నివేదిక అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేలా దొరకదు. అంటారియోలో, బ్రిటిష్ కొలంబియాలో దీనికోసం ఏర్పాట్లున్నాయి. కొన్నిచోట్ల ప్రొబేషన్ నివేదికలోనే నాలుగు పేరాలు చేర్చి సరిపెడతారు. రాసేవాళ్ళు తక్కువ, పనికి వారాలు పడుతుంది. నివేదిక కోసం ఎదురుచూస్తూ రిమాండులో కూర్చోవడమా, అది లేకుండానే శిక్ష వేయించుకుని వెళ్ళిపోవడమా అన్న బేరం నిందితుడి ముందుకొస్తుంది. చిన్న నేరమైతే చాలామంది రెండోదే ఎంచుకుంటారు. విద్యార్థి ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. పూర్తి నివేదిక రాని ఆ చిన్న కేసుల్లో, వివరాలు తెచ్చి జడ్జికి నోటిమాటగా చెప్పాల్సిన లాయరు స్థానంలో తరచూ ఉండేది లీగల్ క్లినిక్‌లోని విద్యార్థే.

మన దగ్గర ప్లేస్‌మెంట్ అనగానే ఉద్యోగం, జీతం గుర్తొస్తాయి. అక్కడి లా కాలేజీల్లో ఆ మాటకు అర్థం వేరు. చదువులో భాగంగా ఒక సంస్థలో కొన్ని వారాలో, ఒక సెమిస్టరో పనిచేసి రావడం. వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళ మూలవాసుల న్యాయ క్లినిక్ ఉంది డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్‌లో. ఆ నగరంలో పేదరికం, మత్తుమందులు, ఇల్లులేని బతుకులు గుమిగూడిన పేట అది. విద్యార్థులు సూపర్‌వైజర్ల కింద అక్కడ సొంతంగా కేసులు చూస్తారు. టొరంటోలోని ఓస్‌గుడ్ హాల్ లా స్కూల్ మూలవాసుల భూములు, వనరులు, పాలన మీద ఒక ఇంటెన్సివ్ కోర్సును 1990ల నుంచి నడుపుతోంది. అందులో విద్యార్థులు మూలవాసుల సమాజాల్లోనో, వాళ్ళ కోసం పనిచేసే ఆఫీసుల్లోనో కొన్ని వారాలు ఉండి రావాలి. థండర్ బేలో 2013లో తెరిచిన లేక్‌హెడ్ లా కాలేజీ మూలవాసుల న్యాయాన్ని అందరికీ తప్పనిసరి చేసింది. మూడో ఏడాదిలో చేసే ప్రాక్టికల్ పనినే ఆర్టిక్లింగ్‌కు, అంటే పట్టా తర్వాత సీనియరు దగ్గర చేసే శిక్షణకు, బదులుగా లెక్కిస్తారు. విక్టోరియా విశ్వవిద్యాలయం 2018లో ఇంకా ముందుకెళ్ళి కెనడా చట్టంలో, మూలవాసుల చట్టంలో కలిపి నాలుగేళ్ళ జంట డిగ్రీ మొదలుపెట్టింది. విద్యార్థులు ఆయా సమాజాల మధ్యకు వెళ్ళి వాళ్ళ న్యాయపద్ధతులను నేర్చుకోవడం ఆ డిగ్రీలో భాగం.

వీటిలో కొన్ని 2015కు ముందువే అయినా, అన్నిటికీ ఊపు ఇచ్చింది రెసిడెన్షియల్ బడుల మీద వేసిన సత్య, సయోధ్య కమిషన్ ఆ ఏడాది ఇచ్చిన నివేదిక. అందులోని 94 పిలుపుల్లో 27వది లాయర్లకు, 28వది లా విద్యార్థులకు. రెసిడెన్షియల్ బడుల చరిత్ర, మూలవాసుల చట్టం నేర్పే కోర్సు ప్రతి లా కాలేజీలో తప్పనిసరి కావాలని 28వ పిలుపు అడిగింది. చాలా కాలేజీలు కోర్సు పెట్టాయి. కోర్సు పెట్టడం తేలిక. మనిషి ఎదురుగా కూర్చోవడం కష్టం.

ప్లేస్‌మెంటులో విద్యార్థి నిజంగా నేర్చుకునేది ఏమిటి? మొదటిది, ఎలా అడగాలో. మీ కుటుంబంలో ఎవరైనా రెసిడెన్షియల్ బడికి వెళ్ళారా అని ఫారం చూసి అడిగితే చాలామంది లేదు, తెలియదు అంటారు. అవమానం వల్ల కావచ్చు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పకపోవడం వల్ల కావచ్చు. చెప్పకపోవడమే ఆ బడులు మిగిల్చిన గుణం. నిన్ను ఎవరు పెంచారు, అమ్మమ్మ ఏ భాష మాట్లాడేది అని మొదలుపెడితే మాట వస్తుంది. మాట రాకపోతే ఆ మౌనంలో కూర్చోగలగాలి. రెండోది, సమయం. కోర్టు వరండాలో పేరు పిలిచే ముందు ఐదు నిమిషాల్లో తేలే సంగతులు కావివి. మూడోది, ఊరు. మనిషిని జైలుకు కాక ఇంకెక్కడికో పంపమని అడగాలంటే ఆ ఇంకెక్కడో ఉండాలి. ఏ కేంద్రంలో ఖాళీ ఉంది, ఏ పెద్దలు ఒప్పుకుంటారు, బస్సు ఉందా? ఈ ఫోన్లన్నీ చేసేది విద్యార్థే. తరగతిలో గ్లాడూ తీర్పు చదివినప్పుడు అది హక్కుల కేసులా కనిపిస్తుంది. క్లినిక్‌లో చూస్తే అది పడకల కేసు, బస్సు టికెట్ల కేసు. ఈ తేడా తెలిసిన లాయరు తర్వాత ముప్ఫై ఏళ్ళు వేరేలా వాదిస్తాడు.

ఇక్కడ 2019 నాటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. చిన్న నేరాలకు గరిష్ఠ శిక్షను ఆరు నెలల నుంచి రెండేళ్ళకు ఒకరోజు తక్కువకు పెంచుతూ కెనడా పార్లమెంటు చట్టం చేసింది. గరిష్ఠ శిక్ష ఆరు నెలలు దాటిన కేసుల్లో లాయరు కానివాళ్ళు, అంటే విద్యార్థులు, రాష్ట్రం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప వాదించకూడదన్న నియమం అప్పటికే ఉంది. ఈ రెండూ కలిసేసరికి దేశమంతా విద్యార్థి క్లినిక్‌ల తలుపులు మూతపడే ప్రమాదం వచ్చింది. రాష్ట్రాలు వరసగా అనుమతులిచ్చి కాపాడుకోవాల్సి వచ్చింది. వేలమంది పేదల వాదన విద్యార్థుల భుజాల మీద నడుస్తోందని ఆ గొడవతో బయటపడింది. విద్యార్థులకు అది గొప్పే. రాజ్యానికి మాత్రం గొప్ప కాదు.

నా అభ్యంతరం కూడా అక్కడే మొదలవుతుంది. ప్లేస్‌మెంట్ విద్యార్థికి మేలు చేస్తుందన్నదాంట్లో నాకు సందేహం లేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం చేస్తుందన్నదే ప్రశ్న. ప్రతి సెమిస్టరుకూ కొత్త విద్యార్థి వస్తాడు. ప్రతి కొత్త ముఖానికీ తన చిన్నతనాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలంటే ఆ మనిషికి అది రెండో గాయం. పైగా చెప్పిన మాట ఎక్కడికి పోతుంది? నివేదిక కోర్టు రికార్డులోకి పోతుంది, అక్కడి నుంచి జైలు అధికారుల చేతికి పోతుంది. శిక్ష తగ్గించమని చెప్పుకున్న బాధ, జైల్లో ప్రమాదకర ఖైదీ అని గీత గీయడానికి పనికొస్తోందన్న ఆందోళన కెనడాలో బలంగా ఉంది. జైళ్ళ శాఖ వాడే ప్రమాద అంచనా పరీక్షలు మూలవాసుల విషయంలో సరైనవేనా అని తేల్చుకోకుండానే వాడుతున్నారని 2018లో ఎవర్ట్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఇది తెలియని విద్యార్థి నిజాయితీగా రాసిన వాక్యమే ఆ మనిషికి సంకెల కావచ్చు.

అందుకే విద్యార్థులు నివేదికలు రాయకూడదని, రాసేవాళ్ళ వెనుక నడవాలని నా అభిప్రాయం. రాయడం ఆ సమాజంలోంచి వచ్చినవాళ్ళు, జీతం తీసుకుని, ఏళ్ళ తరబడి చేయాల్సిన పని. విద్యార్థి ఫోన్లు చేయాలి, కాగితాలు వెతకాలి, వచ్చిన నివేదికను జడ్జి ముందు వాదించడం నేర్చుకోవాలి. నివేదికల కొరతను ఉచిత శ్రమతో పూడ్చే పనికి విద్యార్థులను వాడుకోవడం మొదలైతే, ప్రభుత్వం మీద ఒత్తిడి పోతుంది, నివేదిక నాణ్యతా పోతుంది.

విద్యార్థి అంటే బయటినుంచి వచ్చినవాడే అనుకోవడం కూడా సరికాదు. మిక్‌మాక్ యువకుడు డొనాల్డ్ మార్షల్‌కు 1971లో చేయని హత్యకు యావజ్జీవం పడింది. పదకొండేళ్ళు జైల్లో ఉన్నాడు. నిర్దోషి అని తేలాక వేసిన విచారణ కమిషన్ నోవా స్కోషియా న్యాయవ్యవస్థలోని జాతివివక్షను బయటపెట్టింది. ఆ కేసు రేపిన కదలికలోంచే 1989లో డల్హౌసీ లా కాలేజీ నల్లజాతి, మిక్‌మాక్ విద్యార్థుల కోసం ప్రత్యేక ప్రవేశ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ దారిన వచ్చిన విద్యార్థికి గ్లాడూ సూత్రం సిలబస్ కాదు, ఇంటి సంగతి. ప్లేస్‌మెంటులో అతను వినే కథ తన మేనమామదే కావచ్చు. ఆ బరువు కాలేజీలు సరిగ్గా లెక్కలోకి తీసుకోవడం లేదని నాకు అనిపిస్తుంది. వినడం నేర్పేవాళ్ళు, విన్నవాడి గుండెను ఎవరు చూసుకుంటారో కూడా ఏర్పాటు చేయాలి.

పోటీలు కూడా చదువే కాబట్టి కావాస్కిమ్‌హోన్ మూట్ అనే నమూనా కోర్టు పోటీ గురించి ఒక మాట. క్రీ భాషలో ఆ మాటకు తెలిసి మాట్లాడడం అని అర్థం. 1990ల నుంచి దేశంలోని లా కాలేజీలు ఏటా అందులో పాల్గొంటాయి. మామూలు మూట్ కోర్టులా గెలుపు ఓటములుండవు. గుండ్రంగా కూర్చుని పక్షాల వారీగా మాట్లాడి ఒక ఒప్పందానికి రావాలి. గట్టిగా వాదించడమే ప్రతిభ అనుకునే విద్యార్థికి ఇది ఎంత కొత్తగా ఉంటుందో మన మూట్ కోర్టులు చూసినవాళ్ళకు తెలుస్తుంది.

ఇన్ని చెప్పి బాధితుల మాట ఎత్తకపోతే అన్యాయం. మూలవాసుల చేతుల్లో దెబ్బతినేది చాలాసార్లు మూలవాసులే, అందులోనూ ఆడవాళ్ళు. నేరస్థుడి చరిత్ర విన్న కోర్టు ఆమె చరిత్ర విన్నదా అని అక్కడి మూలవాసీ మహిళలు సూటిగా అడిగారు. 2015లో పార్లమెంటు 718.2(ఇ)లో బాధితులకు, సమాజానికి జరిగిన హానిని కూడా చూడాలన్న మాట చేర్చింది. 2019లో, బాధితురాలు మూలవాసీ మహిళ అయినప్పుడు ఆ నేరాన్ని గట్టిగా ఖండించేలా శిక్ష ఉండాలన్న నియమం వచ్చింది. ఒకే గది, ఒకే చరిత్ర, ఎదురెదురుగా ఇద్దరు. విద్యార్థిని ఎప్పుడూ డిఫెన్స్ వైపే కూర్చోబెట్టే ప్లేస్‌మెంట్ సగం చదువే. బాధితులకు అండగా నిలిచే సంస్థల్లో కొన్ని వారాలు ఉండి రావాలి, ప్రాసిక్యూటరు ఆఫీసులో కూడా. శిక్ష ఎంత అడగాలో ముందు నిర్ణయించేది ప్రాసిక్యూటరే కదా.

వివరాలన్నీ తెచ్చినా వాటిని పెట్టడానికి చట్టంలో చోటు లేకపోతే? 2022 నవంబరులో వచ్చిన షర్మా తీర్పు ఆ ప్రశ్న వేసింది. పేరు అలా ఉన్నా ఆ కేసులో ముద్దాయి షర్మా ఓజిబ్వా తెగ మహిళ. అప్పటికి ఇరవై ఏళ్ళు, ఒంటరి తల్లి, అద్దె బకాయిపడి ఇల్లు ఖాళీ చేయాల్సిన స్థితి. సూట్‌కేసు తెస్తే 20,000 డాలర్లు ఇస్తానన్నాడు ప్రియుడు. సురినామ్ నుంచి టొరంటో విమానాశ్రయంలో దిగినప్పుడు అందులో 1.97 కిలోల కొకైన్ దొరికింది. ఆమె అమ్మమ్మ రెసిడెన్షియల్ బడి బాధితురాలు. గ్లాడూ నివేదిక ఉంది, అంతా కోర్టు ముందుంది. ఇంటి దగ్గరే ఉండి షరతులతో శిక్ష అనుభవించే వీలును అలాంటి నేరాలకు చట్టం అప్పటికే తీసేసింది. ఆ తీసివేత రాజ్యాంగ విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. పదిహేను రోజులు తిరక్కుండానే పార్లమెంటు చట్టం మార్చి ఆ వీలును చాలావరకు తిరిగి ఇచ్చింది. కోర్టు మూసిన తలుపును చట్టసభ తెరిచింది. క్లినిక్‌లో ఉన్న విద్యార్థి చూడాల్సింది ఇదీ.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా. ఆస్ట్రేలియా హైకోర్టు 2013లో బగ్మీ కేసులో, తీవ్రమైన లేమిలో గడిచిన బాల్యం ప్రభావం ఏళ్ళు గడిచినంత మాత్రాన తగ్గిపోదని చెప్పింది. కెనడా దారిలో నడవడానికి మాత్రం ఒప్పుకోలేదు. ప్రతి మనిషీ తన లేమిని విడిగా రుజువు చేసుకోవాలంది. దాంతో అక్కడి న్యాయవాదులు, పరిశోధకులు కలిసి బగ్మీ బార్ బుక్ అని ఒక సంకలనం తయారు చేశారు. పుట్టుకకు ముందు తల్లి తాగుడు, ఇల్లు లేకపోవడం, తండ్రి జైలు వంటి ఒక్కో అంశం పిల్లల మీద ఏం చేస్తుందో పరిశోధనలు ఏరి పెట్టారు. లాయర్లు దాన్ని నేరుగా కోర్టులో దాఖలు చేసుకోవచ్చు. విద్యార్థులు ఎవరి గాయాన్నీ కెలకకుండా చేయగల మంచి పని ఇలాంటిదే. న్యూజిలాండ్‌లో 2002 శిక్షల చట్టంలోని 27వ సెక్షన్ కింద సాంస్కృతిక నివేదికలు బాగా పెరిగాయి. 2024లో ప్రభుత్వం వాటికి న్యాయసహాయ నిధులు ఆపేసింది. సెక్షన్ అలాగే ఉంది. రాసేవాడికి జీతం లేదు.

ఇక మన కోర్టులకు వద్దాం. జిల్లా కోర్టు తీర్పులు చదివేవాళ్ళకు ఒక పేరా కంఠతా వచ్చి ఉంటుంది. నేరం రుజువైందని చెప్పాక శిక్ష గురించి ఏం చెప్పుకుంటావని అడిగితే, ముసలి తల్లిదండ్రులున్నారు, చిన్నపిల్లలున్నారు, ఇంటికి తానే ఆధారమని, దయచూపమని ముద్దాయి చెప్పాడు అని ఉంటుంది. వందల తీర్పుల్లో అదే వాక్యం. శిక్ష మీద విడిగా వినాలన్నది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235(2) తెచ్చిన హక్కు. ఆ వినడం మొక్కుబడి కాకూడదని, మనిషి పూర్వాపరాలు, సామాజిక నేపథ్యం తెలుసుకోవాలని సుప్రీంకోర్టు 1976లోనే సంతా సింగ్ కేసులో చెప్పింది. ఇప్పుడది ఆ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త సంహితలో 258వ సెక్షన్‌లో ఉంది. ఆదివాసుల పరిస్థితులను ప్రత్యేకంగా చూడాలన్న నియమం మనకు లేదు. చరిత్ర మాత్రం ఉంది. ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన నేరజాతుల చట్టం 1871లో మొదలై, 1952 దాకా బతికింది. స్టూవర్టుపురం ఆ చట్టం కట్టిన ఊరే. ఆ ముద్ర జైలు మాన్యువల్స్‌లో మిగిలే ఉందని గుర్తించి సుప్రీంకోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది 2024 అక్టోబరులో.

విద్యార్థులను మనిషి దగ్గరికి పంపే పని మన దేశంలోనూ జరిగింది. ఉరిశిక్ష పడిన ఖైదీల మీద ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో వెలువరించిన నివేదిక కోసం లా విద్యార్థులు జైళ్ళకు, ఖైదీల ఇళ్ళకు తిరిగారు. 385 మందిలో 373 మంది కథలు అందులో ఉన్నాయి. నూటికి 76 మంది వెనుకబడిన, దళిత, ఆదివాసీ, మైనారిటీ వర్గాలవాళ్ళేనని తేలింది. ఆ పని చేసిన బృందం ఇప్పుడు స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో హైదరాబాదులోని నల్సార్ లా యూనివర్సిటీలో ఉంది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష కేసుల్లో ఇలాంటి వివరాలు కింది కోర్టులోనే తెప్పించాలని ఆదేశించింది. ఉరి దాకా వెళ్ళిన కొద్దిమందికి ఆ శ్రద్ధ దక్కింది. మిగిలిన వేలమందికి ఆ ఒక్క వాక్యమే.

పాడేరు మన్యంలో గంజాయి మోసి పట్టుబడ్డ ఆదివాసీ యువకుల సంగతి తీసుకోండి. మూట 20 కిలోలు దాటిందా, కనీస శిక్ష పదేళ్ళు. ఆ మూట ఎవరిది, కూలి ఎంత, అతని ఊరికి రోడ్డు ఉందా, ఎన్నో తరగతిలో బడి మానేశాడు? ఇవి ఎవరైనా తెచ్చినా పదేళ్ళ కింద పెట్టడానికి చోటు లేదు. షర్మా ముందు కనిపించిన గోడే ఇక్కడా ఉంది. మూట తూకం తక్కువైన కేసుల్లో మాత్రం జడ్జి చేతిలో వెసులుబాటు ఉంది. ఇతర నేరాల్లో 1958 ప్రొబేషన్ చట్టం ఉంది, దాని కింద నేపథ్య నివేదిక తెప్పించుకునే అధికారమూ ఉంది. దాన్ని అడిగే లాయరు కావాలి. మన బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఐదేళ్ళ లా విద్యార్థి 20 వారాలు, మూడేళ్ళ విద్యార్థి 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. చాలామందికి ఆ వారాలు పెద్ద ఆఫీసుల్లో ఫైళ్ళు మోయడంతోనో, సర్టిఫికెట్ కోసమో అయిపోతాయి. అందులో నాలుగు వారాలు పాడేరులోనో, ఉట్నూరులోనో, భద్రాచలంలోనో న్యాయసేవాధికార సంస్థ తరఫు లాయరు పక్కన గడిపితే, శిక్ష గురించి ఏం చెప్పుకుంటావని అడిగినప్పుడు ముద్దాయి కువి భాషలోనో, గోండీలోనో, కోయలోనో ఏం చెప్పాడో, తీర్పులోకి వచ్చేసరికి అందులో ఎంత మిగిలిందో ఆ విద్యార్థి రాసుకోగలడు.